కుక్కపిల్లయు శౌచాభ్యాసమును
రెండు నెలల మగ కుక్కపిల్లను ఇంటికి తెచ్చుకొని, అది హాలులో గచ్చుమీద తడి చేసినప్పుడెల్ల దాని మూతిని ఆ తడిలో రుద్ది, చీపురుకట్ట ఝళిపించుటయే శిక్షణమని భావించు గృహస్థులు నేటికిని మన పట్టణములలో కొల్లలుగా నున్నారు. ఆ దండనమువలన ఆ ప్రాణి నేర్చునదెల్ల, యజమాని కంటబడకుండ పని కానిచ్చుకొనవలెనన్న లౌక్యమే. మరునాటినుండి సోఫా వెనుకనో బీరువా సందునో చాటు వెదకుకొనును. నిజమునకు ఆ వయసున మూత్రాశయముపై దానికి గల అధీనము అత్యల్పము, పగటివేళ రెండు మూడు గంటలకు మించి బిగబట్టజాలదు. కావున నిద్ర లేచిన వెంటనే, పెరుగన్నము తిన్న కొలది నిమిషములకు, ఆటలో అలసిన పిమ్మట, ముక్కు నేలకానించి వాసన చూచుచు గుండ్రముగా తిరుగ నారంభించినంతనే, దానిని ఎత్తుకొని పెరటిలోని ఒకే మూలకు కొనిపోయి, పని ముగిసిన క్షణముననే ఒక మెత్తని మాటయు ఒక బిస్కట్టు ముక్కయు నొసగువాడే గురువు. (పెరడు లేని అపార్టుమెంటువారికి బాల్కనీలో పరచిన పాత వార్తాపత్రిక యుండనే యున్నది, అందు అచ్చగు మా శీర్షికకు ఆ కుక్కపిల్లంతటి నిష్కపట విమర్శకుడు వేరొకడు దొరకడు.) తడిసిన చోటును వట్టి నీళ్లతో తుడిచి ఊరకుండరాదు, మనకందని వాసన దానికందును, ఆ వాసనయే మరల అచటికి పిలుచును. ఇక ఆరు నెలలు దాటి కాలెత్తుట మొదలిడిన పిదప ద్వారబంధమునకును మంచపుకోళ్లకును చిలకరించు నాలుగు చుక్కలు తన సరిహద్దును చాటు దండోరా గనుక, ఆ దశలో సంప్రదింపవలసినది పశువైద్యుని. వృషణచ్ఛేదనమువలన ఆ అలవాటు పెక్కింటిలో తగ్గును గాని, అన్నింటిలోను మాయమగునని ఎవరును హామీ ఈయజాలరు.