పైకప్పు అడిగారు, పునాది అడగలేదు

గౌరవనీయులైన ఆంధ్రప్రదేశ్ రిజిస్ట్రేషన్లు, స్టాంపుల శాఖ కమిషనర్, ఇన్‌స్పెక్టర్ జనరల్ గారికి,



ఇంటి దస్తావేజుకు జతచేసే అనెక్షర్ 1-ఎ మీకు కొత్త కాదు. పైకప్పు ఏ రకం, ఇంటి వయసెంత, స్థలం ఎన్ని గజాలు, ఏ అంతస్తులో ఎంత కట్టుబడి, అద్దె ఎంత వస్తుంది, ఇంటిపన్ను ఎంత అని అందులో రాస్తాం. నాలుగేళ్ల కిందట పల్నాడులో ఒక పట్టణం శివారున మేం ఇల్లు కొన్నప్పుడు దస్తావేజు లేఖరి ఆ కాగితాన్ని ఐదు నిమిషాల్లో నింపేశారు. ఆ ఇల్లు దేనిమీద నిలబడిందో కాగితం అడగలేదు. నేనూ అడగలేదు. ఈ ఉత్తరం ఆ లేని వరస గురించే.

మా స్థలం ఒకప్పటి పత్తి చేను. నల్లరేగడి. సంక్రాంతి వెళ్లాక ఇల్లు చూశాం. నున్నటి పుట్టీ, కొత్త రంగు. వాస్తు చూడ్డానికి వచ్చినాయన ఈశాన్యం మూలనే గంటన్నర గడిపారు. మే నెలలో హాలు కిటికీ పైమూల నుంచి శ్లాబు దాకా ఏటవాలుగా వెంట్రుకంత గీత కనిపించింది. జూన్ మొదటి వారానికి అందులో రూపాయి బిళ్ల దూరింది. ఆగస్టు వానలకు పగులు కొంత మూసుకుందిగానీ పడగ్గది తలుపు పట్టేసింది. వడ్రంగి వచ్చి అంచు చిత్రిక పట్టి వెళ్లాడు. మళ్లీ వేసవికి అదే తలుపుకూ గుమ్మానికీ మధ్య వేలంత సందు.

అప్పుడు ఒక పెద్ద మేస్త్రీని పిలిపించాం. ఆయన హాల్లోకి రానే లేదు. ప్రహరీ చుట్టూ తిరిగొచ్చి, "రేగడండీ ఇది. ఎండితే నెర్రెలిస్తది, తడిస్తే పొంగుద్ది. మూడడుగుల గుంటలో దించిన పిల్లరు దీన్ని ఆపుద్దా?" అన్నాడు. ప్రహరీనే ఎందుకు చూశాడో తర్వాత అర్థమైంది. దానికి పునాది లోతుండదు, మీద బరువూ ఉండదు. అందుకే నేల గుణం ముందు బయటపడేది అక్కడే. మా ప్రహరీ రెండుచోట్ల పైనుంచి కిందికి విచ్చుకుని ఉంది. కొనేటప్పుడు దానిమీద బోగన్‌విల్లా అల్లించి ఉంటే ఎంత ముచ్చటగా ఉందో అనుకున్నాం.

రేగడిలో మాంట్‌మోరిల్లొనైట్ అనే బంకమట్టి ఖనిజం ఉంటుంది. దాని పొరల మధ్యకు నీళ్లు చేరితే ఉబ్బుతుంది, ఆరితే కుంచించుకుపోతుంది. ఇంటి నడిమి కింద నేల తడి ఏడాదంతా పెద్దగా మారదు. అంచుల కింద మాత్రం వానకూ ఎండకూ మారుతూనే ఉంటుంది. ఇంట్లో ఒక భాగం లేచి ఇంకో భాగం దిగేది అందుకే. పొంగే మట్టిని తన బరువుతో అణిచిపెట్టే శక్తి ఒంటి అంతస్తు ఇంటికి తక్కువ, కాబట్టి ఎక్కువ దెబ్బ తినేది మాలాంటి చిన్న ఇళ్లే. ఇంగ్లీషు పుస్తకాలు ఈ నేలను 'రెగర్' అంటాయి. ఆ మాట మన 'రేగడ' నుంచి వెళ్లిందే. పేరు పెట్టిన వాళ్లమే దానిమీద ఇల్లు ఎలా నిలబెట్టాలో పట్టించుకోకుండా ఉన్నాం.

విరుగుడు తెలియక కాదు. రూర్కీలోని కేంద్ర భవన పరిశోధన సంస్థ ప్రచారంలోకి తెచ్చిన అండర్ రీమ్డ్ పైల్స్ ఇలాంటి నేలల కోసమే. కాంక్రీటు పైలు అడుగున ఉల్లిగడ్డలా ఉబ్బెత్తుగా ఉంటుంది, ఆ ఉబ్బు కాండం కంటే సుమారు రెండున్నర రెట్లు వెడల్పు. రేగడి లోతుగా ఉన్నచోట పైలు కనీసం 3.5 మీటర్లు దిగాలని భారతీయ ప్రమాణం ఐఎస్ 2911 చెబుతుంది. తడి మారే పొరను దాటి పట్టు దొరకాలంటే అంత లోతు కావాలి. మట్టి పరీక్ష కూడా పెద్ద తతంగమేమీ కాదు. జల్లించి ఆరబెట్టిన మట్టి పదేసి గ్రాములు రెండు గాజు గొట్టాల్లో పోసి, ఒకదాంట్లో నీళ్లు, ఇంకోదాంట్లో కిరోసిన్ నింపి 24 గంటలు కదపకుండా ఉంచుతారు. కిరోసిన్లో మట్టి ఉబ్బదు. నీళ్లలోది దానికంటే సగానికి పైగా ఎక్కువ పెరిగిందంటే జాగ్రత్తపడాలి. ఇది ఐఎస్ 2720లో 40వ భాగం, 1977 నాటిది.

కొనేవాడు కూడా కొంత చూడొచ్చు. కిటికీ మూలల పగుళ్లు, బిగిసే తలుపులు, ఇంటిని వదిలి పక్కకు జరిగిన మెట్లు, ఒక్క గోడకే కొత్తగా పెట్టిన పుట్టీ, పునాదిని ఆనుకుని ఉన్న ఇంకుడు గుంత. వీలైతే ఇంటిని ఒకసారి మే నెలలో, ఒకసారి వానల్లో చూడాలి. కానీ ఫుటింగు ఎంత లోతుకు వెళ్లిందో, బేస్‌మెంట్లో నింపింది గ్రావెలా, తవ్వి పోసిన అదే రేగడా అన్నది కంటికి కనపడదు. అది అమ్మేవాడికే తెలుసు.

చట్టం ఈ మాట ఎప్పుడో చెప్పింది. 1882 నాటి ఆస్తి బదిలీ చట్టం 55వ సెక్షన్ ప్రకారం, కొనేవాడు మామూలు జాగ్రత్తతో కనిపెట్టలేని ముఖ్యమైన లోపం తనకు తెలిసి ఉంటే అమ్మేవాడు బయటపెట్టాలి. కానీ ఎక్కడ బయటపెట్టాలి? రాసే చోటే లేదు. స్థిరాస్తి నియంత్రణ సంస్థ రెరాకు వెళ్లొచ్చు కదా అంటారు కొందరు. కట్టడంలో లోపం బయటపడితే స్వాధీనం చేసిన ఐదేళ్లలోపు బిల్డరే బాగుచేయాలని రెరా చట్టం చెప్పేది నిజమే. కానీ 500 చదరపు మీటర్లు మించని స్థలంలో కట్టే ఇంటికి రెరాలో రిజిస్ట్రేషనే అక్కర్లేదు. మాది 200 గజాలు. మాకు అమ్మినాయన ఇప్పుడు ఫోన్ ఎత్తడం లేదు.

అందుకని నేను కోరేది ఆ అనెక్షర్‌లో అదనంగా ఒక వరస. పునాది రకం, లోతు, బేస్‌మెంట్లో నింపిన మట్టి, మట్టి పరీక్ష చేయించారా లేదా. సబ్ రిజిస్ట్రార్లు ఇంజనీర్లు కాదని అంటారేమో. వాళ్లను పునాది తవ్వి చూడమనడం లేదు. పైకప్పు గురించి మేం రాసింది తీసుకుంటున్నట్టే ఇదీ తీసుకుంటే చాలు. అమ్మేవాళ్లంతా "తెలియదు" అని రాస్తారని ఒక మిత్రుడు నవ్వాడు. రాయనివ్వండి. ఇల్లు కట్టినవాడే పునాది లోతు తెలియదని సంతకం పెడితే, కొనేవాడికి ఆ ఒక్క మాట చాలా చెబుతుంది. స్టాంపు, బదిలీ సుంకం, రిజిస్ట్రేషన్ ఫీజు కలిపి నూటికి ఏడున్నర రూపాయలు కడుతున్నాం. ఒక వరస అచ్చువేయడానికి అది సరిపోతుందనే అనుకుంటాను.

మా ఇంటిని కూడా ఎప్పుడో ఒకప్పుడు అమ్మాల్సి రావచ్చు. అప్పటికి ఆ వరస రాకపోతే కాగితం అడుగున నేనే చేత్తో రాస్తాను: "నల్లరేగడి. పిల్లర్ల ఫుటింగు మూడడుగులు. మట్టి పరీక్ష లేదు. హాలు కిటికీ మీద పగులు ఏటా మేలో తెరుచుకుంటుంది." మీ కార్యాలయంలో దాన్ని కొట్టేయకుండా తీసుకోమని ఇప్పుడే చెప్పి ఉంచగలరు.

ఇట్లు,
పల్నాడు జిల్లా నుంచి ఒక ఇంటి యజమాని