లేచినప్పుడు లెక్క తప్పితే



ఏటా నవంబరు వచ్చిందంటే మా బ్యాంకులో పెన్షనుదార్ల సందడి. లైఫ్ సర్టిఫికెట్టు ఇంట్లోంచే ఫోను ద్వారా ఇచ్చే వీలు వచ్చినా, మా బరంపురం పెద్దలకు స్వయంగా వచ్చి, నాలుగు మాటలు తెలుగులో, రెండు మాటలు ఒరియాలో మాట్లాడి వెళితేగాని తృప్తి ఉండదు. అరగంట బెంచీ మీద కూర్చుంటారు. టోకెను నంబరు పిలవగానే గభాలున లేస్తారు. వాళ్లలో ఒకరిద్దరు గోడో, పక్కవారి భుజమో పట్టుకుని, "ఏం లేదు బాబూ, కళ్లు బైర్లు కమ్మాయి" అంటారు.

నేనూ ఏం లేదనే అనుకునేవాణ్ణి, కిందటేడు వేసవిలో మా పెదనాన్నగారు పడిపోయేదాకా.

ఆయనకు 79 ఏళ్లు. తెల్లవారుజామున బాత్‌రూముకని మంచం దిగి నాలుగడుగులు వేశారో లేదో కూలబడ్డారు. నుదురు గడపకు తగిలి మూడు కుట్లు పడ్డాయి. తుంటి ఎముక దక్కడం మా అదృష్టం. "పైత్యంరా" అన్నారాయన. "ఆ బి.పి. బిళ్లలే కొంప ముంచాయి" అని మా పెద్దమ్మ వాటిని దాచేసింది. ఎవరికి తోచిన వైద్యం వారిది.

డాక్టరుగారు ఆయన్ని పడుకోబెట్టి, ఐదు నిమిషాలు ఆగి బి.పి. చూశారు. 146/82. నిలబెట్టి ఒక నిమిషానికి, మళ్లీ మూడు నిమిషాలకు చూశారు. 112/70కి దిగింది. "ఇన్నాళ్లూ కూర్చోబెట్టే చూసి ఉంటారు. అందుకే బయటపడలేదు" అన్నారు.

నేను కామర్సు చదివినవాణ్ణి. నాకు అర్థమైనంత వరకు చెబుతాను. మనం నిలబడగానే అర లీటరు పైచిలుకు రక్తం కాళ్లలోకీ పొట్టలోకీ దిగుతుంది. మెడ ధమనుల్లోనూ, గుండె నుంచి బయలుదేరే పెద్ద ధమనిలోనూ ఉన్న నాడులు ఈ తరుగును వెంటనే పసిగడతాయి. గుండె కాస్త వేగం పెంచుతుంది, రక్తనాళాలు బిగుస్తాయి, లెక్క సరిపోతుంది. వయసు మీద పడినా, మధుమేహం నరాలను దెబ్బతీసినా, ఎండకో విరేచనాలకో ఒంట్లో నీరు తగ్గినా ఈ సర్దుబాటు ఆలస్యమవుతుంది. ఆ కాసేపు మెదడుకు రక్తం చాలక కళ్లు తిరుగుతాయి. నిలబడిన మూడు నిమిషాల లోపల పై అంకె 20 గాని, కింది అంకె 10 గాని తగ్గితే పట్టించుకోవలసిందే.

మా పెదనాన్నగారి విషయంలో ఇంకో చిక్కు కూడా ఉంది. బి.పి.కి ఒక డాక్టరు, ప్రోస్టేటుకు వేరొక డాక్టరు మందులు రాశారు. ప్రోస్టేటుకు వాడే కొన్ని బిళ్లలు కూడా బి.పి.ని దించుతాయట. ఒకరు రాసింది ఇంకొకరికి మేము చూపించలేదు. ఖాతాదారు ఒక్కడే, పాస్‌బుక్కులు రెండు! తప్పు మాదే. అన్నీ ఒకచోట పరిచి చూపించాక మోతాదూ, వేళా మార్చారు. బిళ్లలు దాచిన సంగతి విని మాత్రం మందలించారు. బి.పి. మందు సొంతంగా మానేస్తే పక్షవాతం రావచ్చునట.

ఆయన చెప్పిన జాగ్రత్తలు ఇవి. పడక మీంచి ఒక్కసారిగా లేవకండి. కాళ్లు కిందికి వేలాడేసి ఒకటి రెండు నిమిషాలు కూర్చుని, పాదాలు ఆడించి, ఏదో ఒకటి పట్టుకుని నిలబడండి. కళ్లు తిరిగితే నడవకండి, వెంటనే కూర్చోండి. కడుపు నిండా భోంచేశాక, వేడి నీళ్ల స్నానం అయ్యాక మరింత జాగ్రత్త. రాత్రి దారిలో చిన్న దీపం ఉంచండి. నీళ్లు తగినంత తాగండి. గుండె, మూత్రపిండాల జబ్బులున్నవారు ఎంత తాగాలో డాక్టరును అడగండి. ఉప్పు సొంతంగా పెంచకండి. స్పృహ తప్పినా, ఛాతీలో నొప్పి వచ్చినా, మాట తడబడినా, మలం నల్లగా పోయినా ఆలస్యం చేయకుండా ఆస్పత్రికి వెళ్లండి.

ఇప్పుడు మా పెదనాన్నగారు మంచం అంచున కూర్చుని కేశవనామాలు ఇరవైనాలుగూ నెమ్మదిగా చదువుకుని మరీ లేస్తారు. మళ్లీ పడలేదు.

మీ ఇంట్లో పెద్దవారుంటే, ఈసారి బి.పి. చూపించేటప్పుడు "నిలబెట్టి కూడా చూడండి" అని అడగండి. అడిగితే పోయేదేమీ లేదు. కౌంటరు దగ్గర నేను కూడా ఇప్పుడు టోకెను పిలిచి, మరో మాట కలుపుతున్నాను: "నెమ్మదిగా లేవండి మాస్టారూ, మీ నంబరు ఎక్కడికీ పోదు."