అడుగున తడిసిన ధాన్యం

బజారులో ఒక ధాన్యపు రాశి వద్ద ఆగిన దైవప్రవక్త (సల్లల్లాహు అలైహి వసల్లం) తమ చేతిని రాశి లోపలికి పెట్టి చూశారు. అడుగున గింజలు తడిసి ఉన్నాయి. వాన పడిందని వర్తకుడు విన్నవించగా, ఆ తడిని జనులకు కనిపించేలా పైన ఎందుకు ఉంచలేదని ప్రశ్నించారు. మోసగించేవాడు తమవాడు కాడని హెచ్చరించారు. సహీహ్ ముస్లింలోని ఈ హదీసును మేము ముప్ఫై ఏళ్లుగా పాఠం చెబుతున్నాము. ఒక కారు ఇంజను గురించి దానిని చెప్పవలసి వస్తుందని మాత్రం ఎన్నడూ అనుకోలేదు.

కోరుట్లలో మా విద్యార్థి తండ్రి ఒకరు గల్ఫు గ్యారేజీలో చాలాకాలం పనిచేసి వచ్చారు. ఆయన పాత పెట్రోలు కారును కొనడానికి సిరిసిల్లలో సాంచాలు నడిపే ఒక కుటుంబం ముందుకు వచ్చింది. అయితే యాక్సిలరేటరు తొక్కితే చాలు, సైలెన్సరు నుండి నీలిపొగ. "చిక్కటి ఆయిల్ పోయించు భాయ్, కొన్నాళ్లు పొగ అణుగుతుంది, ఆలోగా బండి చేతులు మారుతుంది" అన్నాడట మధ్యవర్తి. "మౌల్వీ సాబ్, వాళ్లు నడిపి చూసుకునే కొంటారు కదా, ఇందులో తప్పుందా?" అని ఆయన మమ్మల్ని అడిగారు. మేము ధాన్యపు రాశి హదీసు వినిపించాము. లోపం చెప్పి అమ్మండి, లేదా బాగుచేసి అమ్మండి అన్నాము. ఆయన కాసేపు మౌనంగా కూర్చుని, "అయితే ఇంటివద్దే ఇంజను దించుతాను" అన్నారు.

దించేముందు ఆయన కంప్రెషన్ కొలిచారు. ప్లగ్గు రంధ్రం గుండా సిలిండరులో చెంచాడు ఆయిల్ పోసి మళ్లీ కొలిస్తే ఒత్తిడి పెరిగింది. అంటే రింగులు, బోరు అరిగాయన్నమాట. పెరగకపోయి ఉంటే వాల్వులను అనుమానించాలట. పెరట్లోని వేపకొమ్మకు గొలుసు కడదామని కుర్రాళ్లు ఉత్సాహపడ్డారు. ఆయన ఒప్పుకోక మూడుకాళ్ల ఇనుప స్టాండు, చైన్ పుల్లీ అద్దెకు తెచ్చారు. ఇంజను గాలిలో వేలాడినంతసేపు దాని కిందికి పిల్లలనే కాదు, పెద్దలనూ రానివ్వలేదు. నల్లటి పాత ఆయిల్ చుక్క కూడా పొరుగువారి వాకిలి ముందున్న మోరీలోకి పోకుండా డబ్బాలో పట్టారు. పొరుగువారి హక్కు గురించి మేము ప్రసంగాలు చేస్తాము గానీ ఆ డబ్బా మాకు తోచేది కాదు.

విప్పిన ప్రతి బేరింగు క్యాపు మీద సంఖ్య, ముందువైపు గుర్తు వేశారు. క్యాపులను బ్లాకుకు బిగించే బోరు చేస్తారు గనుక ఒకదాని స్థానంలో మరొకటి పెడితే క్రాంకు పట్టేస్తుంది. సిలిండరును పైన, మధ్యలో, కింద, అడ్డంగా, నిలువుగా కొలిచారు. పై రింగు తిరిగే చోటే అరుగుదల ఎక్కువ. కొత్త పిస్టన్లను ముందుగా కొని, వాటిని వెంటబెట్టుకుని బ్లాకును జగిత్యాల లేత్ వర్క్‌షాపుకు తీసుకెళ్లారు. పిస్టను కొలతకు బోరు కొట్టాలే గాని, బోరు కొట్టాక పిస్టను వెతకరాదని ఆయన మాకు వివరించారు.

క్రాంకుకూ బేరింగుకూ మధ్య ఖాళీ సాధారణంగా తలవెంట్రుక మందం కంటే తక్కువే ఉంటుందట. ఆ మాట విన్నప్పుడు మాకు సబా సూరా జ్ఞాపకం వచ్చింది. హజ్రత్ దావూద్ (అలైహిస్సలాం) కోసం ఇనుమును మెత్తబరచిన అల్లాహ్, కవచాల కడియాలను కొలత తప్పకుండా అమర్చమని ఆదేశించిన సంగతి 10, 11 ఆయతులలో ఉంది. ఆ ప్రవక్త తన చేతి కష్టంతోనే భుజించేవారని బుఖారీలో ఉంది. కొలత అనే ఆ పదానికి మేము వ్యాకరణం చెప్పేవాళ్లమే గాని, ఒక మనిషి మైక్రోమీటరు పట్టుకుని దానిని పాటించడం చూసింది ఆనాడే.

హెడ్డు బోల్టులను మధ్య నుండి అంచులకు, మూడు విడతలుగా, టార్క్ పానాతో బిగించారు. చివరికి ఇంజను స్టార్టయింది. పొగ లేదు.

సిరిసిల్లవారు వచ్చిననాడు మేమూ అక్కడే ఉన్నాము. ఆయన లేత్ రసీదు, పాత రింగుల పొట్లం వారి చేతిలో పెట్టారు. మొదటి వెయ్యి కిలోమీటర్లు వేగంగా తోలవద్దని, ఆ తర్వాత ఆయిల్ మార్చమని చెప్పారు. అడగకుండానే మరో మాట కూడా అన్నారు: "రెండో గేరులో చిన్న శబ్దం ఉంది. గేరుబాక్సు నేను విప్పలేదు." మధ్యవర్తి తల పట్టుకున్నాడు. మాట్లాడుకున్న ధరలో కొంత తగ్గింది. ఆయన సరేనన్నారు.