తవ్విన నేల ఋణం

పూర్వపు కృష్ణాజిల్లా మెట్టసీమయైన జగ్గయ్యపేట, నందిగామ ప్రాంతాల నేల సున్నపురాతికి పెట్టింది పేరు. నాటి బౌద్ధశిల్పులు సున్నపురాతి పలకలపైనే జగ్గయ్యపేట స్తూపశిల్పాలను మలచారు. నేడు ఇక్కడి రాయి సిమెంటై మన ఇండ్లను నిలుపుతున్నది. ఆ మేలును కాదనలేము. అయితే, రాయి తరలిన పిదప మిగిలే గోతికి వెల కట్టినదెవరు?

గని యజమాని నేలను బాగుచేయక మాట తప్పితే అక్కరకు వచ్చేందుకు ప్రభుత్వం ముందుగా పూచీ తీసుకొంటుంది. 2021 నాటి సవరణ ప్రకారం పెద్ద గనులకు అది హెక్టారుకు 5 లక్షల రూపాయలు. హెక్టారంటే 10,000 చదరపు మీటర్లు. 20 మీటర్ల లోతు తవ్వారనుకొందాం. ఏర్పడే గొయ్యి 2 లక్షల ఘనపు మీటర్లు. అనగా ఘనపు మీటరుకు పూచీ రెండున్నర రూపాయలే!

ఆ సొమ్ముతో గోతిని పూడ్చడం కల్ల. అంచులను వాలుగా మలచి, దానిని వాననీటి చెరువుగా మార్చవచ్చు. గట్టుపై పచ్చిక మొలవాలంటే మాత్రం పైమట్టి కావాలి. తొలిరోజే దానిని తీసి దాచడం సులువు. పోగొట్టుకొన్న పిదప అది ఏ అంగడిలోనూ దొరకదు.

తవ్విన నేలలో తిరిగి గడ్డి పెంచాలనీ, ఆ ఖర్చు లీజుదారులదేననీ 2020 జనవరి 8న సుప్రీంకోర్టు ఆదేశించింది. కనుక ఈ లెక్క తొలి గునపం దిగకముందే తేలాలి. లాభం ఒక తరానిది, ఋణం మరొక తరానిది కావడం న్యాయం కాదు.