మా నొప్పి అందం పద్దులోకా?

మాదాపూర్‌లో పొద్దస్తమానం కంప్యూటర్ ముందు వంగి పనిచేసే ఒకామె నాతో మాట్లాడుతూ, కుర్తా పక్కకు జరిపి భుజం చూపించింది. బ్రా పట్టీ ఒత్తి ఒత్తి పడిన గాడి. మెడనొప్పి, వెన్నునొప్పి, రొమ్ముల కింద చెమటకి ఒరుసుకుని పుళ్లు. రొమ్ముల పరిమాణం తగ్గించే ఆపరేషన్‌కి ఇన్సూరెన్స్ అడిగితే, 'అది అందం కోసం' అన్నారట!

2019లో బీమా నియంత్రణ సంస్థ ఐఆర్‌డీఏఐ ఖరారు చేసిన మాటలివి: రూపం మార్చే చికిత్స ఖర్చు ఇవ్వనక్కర్లేదు, ప్రమాదం, కాలిన గాయం, కేన్సర్ తర్వాత సరిచేసేదైతేనో, 'ప్రత్యక్ష, తక్షణ' ఆరోగ్య ముప్పును తొలగించేదని డాక్టరు రాసిస్తేనో తప్ప. ఏళ్ల తరబడి మోస్తున్న నొప్పి తక్షణం ఎలా అవుతుంది? కుప్పకూలితేగానీ జబ్బు కాదా?

అటు ఆపరేషన్ అమ్మేవాళ్లకీ ఆకారమే ముఖ్యం. ఫలితమంటే ఏమిటో మనమే చెప్పుకుందాం. చాలామందికి మెడా భుజాలూ తేలికపడతాయి. అది చిన్న లాభం కాదు. వాపు దిగి ఆకారం కుదురుకోవడానికి నెలలు పడుతుంది. చనుమొన చుట్టూ, అక్కణ్ణించి కిందికి, తరచు అడుగు మడత వెంట కూడా పడే కోత మచ్చలు క్రమంగా పలచబడతాయి, పూర్తిగా పోవు. పాలివ్వడం కష్టం కావచ్చు. బరువు పెరిగినా, గర్భం వచ్చినా రొమ్ములు మళ్లీ పెరగవచ్చు. చనుమొనల్లో స్పర్శ తగ్గవచ్చు, ఒక్కోసారి పోవచ్చు. ఆమెతో డాక్టరు 'రేపు పెళ్లయితే మీ ఆయన ఏమంటాడో' అన్నాడుగానీ, ఈ స్పర్శ మాట ఎత్తలేదు. స్పర్శ ఆమెది కదా మరి!

తిరస్కరణ ఉత్తరాలు చింపెయ్యకండి. నొప్పి ఎన్నేళ్లదో, ఏ మందులు వాడారో డాక్టరు చేత రాయించండి. 'తక్షణ' అన్న ఆ మాట మార్చమని అడగాల్సిన ఐఆర్‌డీఏఐ ఆఫీసు ఎక్కడో ఢిల్లీలో లేదు. నానక్‌రామ్‌గూడలోనే, ఆమె రోజూ పనికెళ్లే ఆఫీసుకి దగ్గర్లోనే ఉంది.