స్థానబలిమి కాదు, ఈల బలిమి

ఇంట గెలిచి రచ్చ గెలవమన్నారు పెద్దలు. ఆటల్లో మాత్రం ఇంట గెలవడం అంత గొప్ప సంగతిగా కనిపించడం లేదు. సంక్రాంతికి మొదలుపెట్టి ఎండలు ముదిరేదాకా మన జిల్లాలో ఏదో ఒక ఊళ్లో కబడ్డీయో, వాలీబాలో జరుగుతూనే ఉంటుంది. ఏ ఊళ్లో పందిరి వేస్తే ఆ ఊరి జట్టే ఫైనల్‌కు వస్తుంది. అదే జట్టు పక్క మండలానికి వెళితే మొదటి రోజు సాయంత్రం బస్సుకే తిరిగి వస్తుంది. కళాశాలల పోటీల్లోనూ ఇదే వరస. అక్కడ ఆడిన కుర్రాళ్లే ఇక్కడా ఆడారు. నాలుగు రోజుల్లో ఆట మరిచిపోయారా?

నీళ్లలో ఉన్నంతసేపే మొసలికి బలం, అది స్థానబలిమి అని మన వేమన ఏనాడో తేల్చాడు. కానీ ఆటస్థలంలో ఆ బలం మట్టిలో ఉందా, చుట్టూ మూగిన జనంలో ఉందా, రిఫరీ నోట్లోని ఈలలో ఉందా అన్నది తేలవలసిన విషయం. దీన్ని పట్టుదలగా లెక్క కట్టింది అమెరికావాళ్లు. అక్కడ కళాశాలల బాస్కెట్‌బాల్‌కు ఉన్న మోజు మనకు క్రికెట్ మీద ఉన్నదానికి తీసిపోదు. పెద్ద కళాశాలలకు సొంత ఆటశాలలే ఉన్నాయి. డ్యూక్ విశ్వవిద్యాలయం ఆటశాలలో తొమ్మిది వేల మందికి పైగా పడతారు. విద్యార్థులు గీత పక్కనే నిలబడి, ఎదుటి జట్టు కుర్రాడి చెవిలో అరిచినంత పని చేస్తారు. అలాంటి చోట్ల సొంత జట్టు గెలవడం వింత కాదు. మొత్తం మీద ఆ కళాశాలల పోటీల్లో మూడింట రెండు వంతులు సొంత గడ్డ మీది జట్టువే.

ప్రయాణం బడలిక అంటారు, తిండి మారిందంటారు, కొత్త చోట కాలు కుదరదంటారు. ఇవన్నీ కొంత నిజమే కావచ్చు. అయితే బాస్కెట్‌బాల్‌లో ఒక సౌకర్యం ఉంది. వల కట్టిన ఇనుప రింగు ఏ ఊళ్లోనైనా పది అడుగుల ఎత్తునే ఉంటుంది. బంతి ఒకటే, గీతలు ఒకటే. ఎదుటివాడు తప్పు చేస్తే ఇచ్చే ఫ్రీ త్రో కూడా ఒకే దూరం నుంచి, ఎవరూ అడ్డు రాకుండా వేసేదే. వేసేవాడిని బెదరగొట్టడానికి జనం గుడ్డలు ఊపుతారు, డబ్బాలు కొడతారు. మాస్కోవిట్జ్, వర్థైమ్ అనే ఇద్దరు అక్కడి వృత్తి ఆటగాళ్ల లీగు లెక్కలు తీసి 2011లో ఒక పుస్తకం రాశారు. ఆ లెక్కల ప్రకారం ఆటగాళ్లు సొంత ఊళ్లో ఎన్ని ఫ్రీ త్రోలు వేయగలరో బయట ఊళ్లోనూ దాదాపు అన్నే వేయగలుగుతున్నారు. అంటే అన్ని వేల గొంతుకలూ కలిసి అరిచినా ఆటగాడి చెయ్యి వణకడం లేదు. మరి వణుకుతున్నది ఎవరు? రిఫరీ, అన్నారు వాళ్లిద్దరూ.

ఇంకొక లెక్క ఇంతకంటే ఆసక్తిగా ఉంది. ఆండర్సన్, పియర్స్ అనే ఇద్దరు పరిశోధకులు 2004-05 సీజనులో జరిగిన 365 కళాశాల ఆటలను ముందేసుకుని, ఏ ఫౌలు ఎవరి మీద ఎప్పుడు పడిందో వరసగా చూశారు. 2009లో వారి వ్యాసం అచ్చయింది. ఫౌళ్లు తక్కువగా ఉన్న జట్టు మీదే తరువాతి ఫౌలు పడే అవకాశం ఎక్కువట. ఒకవైపు ఎక్కువ పడితే రిఫరీ చెయ్యి రెండోవైపు మొగ్గుతుందన్నమాట. దీనికి తోడు బయటి జట్టు మీద ఫౌలు పడే అవకాశం మొదటినుంచే ఎక్కువ. సొంత జట్టు మీద ఐదారు ఫౌళ్లు అదనంగా పడ్డాయంటే, తరువాతి ఈల వచ్చిన జట్టు మీద మోగే అవకాశం నూటికి 70 దాకా పోయింది. ఆ ఆటలో ఐదు ఫౌళ్లు పడ్డ ఆటగాడు బయట కూర్చోవలసిందే. జట్టులో మొనగాడనుకున్నవాడు అలా కూర్చుంటే మిగిలిన నలుగురి సంగతి చెప్పాలా?

ఈ సరిచేసే బుద్ధి మనకు కొత్తది కాదు. గట్టు తగాదా పెద్దమనుషుల ముందుకు వస్తే ఏం జరుగుతుందో పాఠకులకు తెలుసు. ఒకడు అవతలివాడి చేలోకి రెండు మూరలు జరిగాడు. పెద్దమనుషులు కొలిచి చూసి, "సరే, చెరొక మూర" అంటారు. జరిగినవాడికి ఒక మూర మిగిలింది, ఏ పాపమూ ఎరుగనివాడికి ఒక మూర పోయింది. ఇద్దరికీ సమంగా చేశామని చెప్పి పెద్దమనుషులు కాఫీ తాగి వెళతారు. ఆటలోనూ అంతే. మొరటుగా ఆడిన జట్టుకూ, ఒద్దికగా ఆడిన జట్టుకూ చివరికి ఫౌళ్లు సమానంగా తేలితే నష్టపోయింది ఎవరు? మొరటుగా ఆడితే నష్టం లేదని తెలిసిన జట్టు రేపు ఎలా ఆడుతుంది?

జనం అరుపు రిఫరీ మీద ఎలా పనిచేస్తుందో ఇంగ్లాండులో చిత్రమైన పద్ధతిలో తేల్చారు. లివర్‌పూల్, లీసెస్టర్ జట్ల ఫుట్‌బాల్ ఆట ఫిల్మును 40 మంది రిఫరీలకు వేసి చూపించారు. సగం మందికి జనం గోల వినిపిస్తూ, సగం మందికి గోల లేకుండా. చూసినవి అవే ఢీలు, అవే పడిపోవడాలు. గోల విన్నవాళ్లు సొంత జట్టు మీద నూటికి 15 ఫౌళ్లు తక్కువ ఇచ్చారు. 2002లో అచ్చయిన సంగతి ఇది. అక్కడ జనం లేరు, రాయి విసిరేవాడు లేడు, ఇంటికి వెళ్లే దారిలో కాచేవాడు లేడు. గదిలో కూర్చున్న మనిషి మనసే చెవి వెంట పోయింది.

తరువాత 2020లో కరోనా వచ్చి ఇదే పరీక్షను లోకమంతటా పెట్టింది. ఐరోపాలో ఖాళీ మైదానాల్లో ఫుట్‌బాల్ ఆడించారు. సొంత గడ్డ బలం తగ్గింది. బయటి జట్లకు రిఫరీలు చూపించే పసుపు కార్డులూ తగ్గాయి. రిఫరీలు మారలేదు, నిబంధనలు మారలేదు. కుర్చీల్లో మనుషులు లేకపోవడమే తేడా.

ఇవన్నీ ఎందుకు చెప్పవలసి వచ్చిందంటే, మన ఊళ్లలో రిఫరీ తీర్పు నచ్చకపోతే మొదట వచ్చే మాట "డబ్బు తిన్నాడు" అన్నది. తరువాత వచ్చేది కులం మాట. ఆ రెండు మాటలతో ఆట ఆగి, తల పగిలి, ఠాణా దాకా పోయిన సందర్భాలు లేకపోలేదు. నూటికి తొంభై మంది రిఫరీలు డబ్బు తినరనే ఈ విలేకరి అభిప్రాయం. తినడానికి అక్కడ ఉన్నదేముంది? ఒక శాలువా, ఒక పూట భోజనం, కవరులో పెట్టిన కొద్దిపాటి సొమ్ము. మంచివాడే తెలియకుండా మొగ్గుతాడన్నది పై లెక్కల సారం. మంచివాడు కదా అని అదే ఊరివాడికి ఈల ఇవ్వడం అందుకే తప్పు. దొంగ అయితే కనిపెట్టవచ్చు. తాను న్యాయంగానే ఉన్నానని నమ్మేవాడిని ఎలా కనిపెడతారు?

మన దగ్గర జరిగేది చూడండి. ఆతిథ్యం ఇచ్చే కళాశాల వ్యాయామ అధ్యాపకుడే పోటీల కార్యదర్శి. భోజనాల ఏర్పాటు ఆయనదే, గీతలు గీయించేది ఆయనే, సమయానికి బయటి రిఫరీ రాకపోతే ఈల పట్టేదీ ఆయనే. పొద్దున్నే లేపి తాను పరుగెత్తించిన పిల్లలే ఎదుట ఆడుతుంటారు. ఇది చాలదన్నట్టు మైకు ఒకటి. మైకు పట్టుకున్న పెద్దమనిషి "మన కుర్రాళ్లు, మన కుర్రాళ్లు" అంటూ గంటసేపు ఊదరగొడతాడు. వచ్చిన జట్టు పేరు కూడా సరిగా పలకడు.

నిరుడు ఒకచోట కళాశాలల బాలికల కబడ్డీ సెమీ ఫైనల్ ఈ విలేకరి చూశాడు. చివరి నిమిషంలో రెండు జట్లూ సమానం. వచ్చిన జట్టు అమ్మాయి కూతకు వెళ్లి బోనస్ గీత దాటింది. గీత అవతల ఒక కాలు మోపినప్పుడు రెండో కాలు గాలిలో ఉండాలన్నది నియమం. ఉందని ఆ అమ్మాయి, లేదని రిఫరీ. పాయింటు ఇవ్వలేదు. మరుక్షణం సొంత జట్టు అమ్మాయి అలాగే వెళ్లింది, అలాగే కాలు పెట్టింది, పాయింటు వచ్చింది. రిఫరీ ఎవరో చెప్పనక్కరలేదు. ఓడిన పిల్లలు ఏడ్చుకుంటూ ఆటో ఎక్కారు. ఏడుపు రెండు రోజుల్లో పోతుంది. పోనిది ఏమిటంటే, ఆ గెలుపు మీదే పై పోటీలకు ఎంపిక ఉంది. పై పోటీల్లో ఆడితేనే సర్టిఫికెట్టు, సర్టిఫికెట్టు ఉంటేనే క్రీడల కోటాలో సీటుకో, ఉద్యోగానికో దరఖాస్తు. కూలికి వెళ్లే తల్లి కూతురికి ఆ కాగితం విలువ ఎంతో కప్పు అందించిన ముఖ్య అతిథికి తెలియదు. ఆయన రావడం ఆలస్యమైందని పిల్లలను రెండు గంటలు ఎండలో నిలబెట్టడం వేరే కథ.

ఇది చిన్న ఊళ్ల జబ్బే అనుకోనక్కరలేదు. 2014లో దక్షిణ కొరియాలోని ఇంచియాన్‌లో ఆసియా క్రీడలు జరిగాయి. మణిపూర్ అమ్మాయి సరితా దేవి బాక్సింగ్ సెమీ ఫైనల్లో కొరియా బాక్సర్ మీద గెలిచిందని చూసినవాళ్లు అనుకుంటుండగా, ఓడినట్టు తీర్పు వచ్చింది. ఆమె బహుమతి వేదిక మీద కంచు పతకం మెడలో వేయించుకోలేదు. తీర్పు మారలేదు సరికదా, ఆమెనే ఏడాదిపాటు ఆటకు దూరం చేశారు.

క్రికెట్‌వాళ్లు ఈ రోగానికి మందు కనుక్కోవడానికి వందేళ్లు పట్టింది. అంతదాకా ఏ దేశంలో ఆడితే ఆ దేశపు అంపైర్లే. 1981లో మెల్‌బోర్న్‌లో గవాస్కర్‌ను ఎల్‌బీడబ్ల్యూ ఇస్తే, బంతి బ్యాటుకు తగిలిందంటూ కోపంతో తోటి ఆటగాడు చేతన్ చౌహాన్‌ను కూడా వెంటబెట్టుకుని బయటకు నడిచాడు. మేనేజరు గీత దగ్గర అడ్డుపడి చౌహాన్‌ను వెనక్కు పంపకపోతే ఆ టెస్టు మనం గెలిచేవాళ్లమే కాదు. 1987లో ఫైసలాబాద్‌లో ఇంగ్లాండ్ కెప్టెన్ గాటింగ్, పాకిస్తాన్ అంపైర్ షకూర్ రాణా వేళ్లు చూపించుకుని తిట్టుకుంటే ఒక రోజు ఆటే జరగలేదు.

అంతకు ముందు ఏడాది, 1986లో, పాకిస్తాన్ కెప్టెన్ ఇమ్రాన్ ఖాన్ పట్టుబట్టి వెస్టిండీస్‌తో ఆటకు బయటి అంపైర్లను రప్పించాడు. లాహోర్ టెస్టుకు వెళ్లిన ఆ ఇద్దరూ భారతీయులు. ఒకరు పీలూ రిపోర్టర్, మరొకరు మన హైదరాబాద్ అంపైర్ వి.కె.రామస్వామి. పాకిస్తాన్ ఆటకు భారతీయుడు అంపైరు! ఆ టెస్టులో పాకిస్తాన్ ఇన్నింగ్స్ తేడాతో ఓడిపోయింది. అయినా ఆ పద్ధతిని వాళ్లు వదలలేదు. 1989లో మన జట్టు అక్కడికి వెళ్లినప్పుడు ఇంగ్లాండ్ నుంచి ఇద్దరిని పిలిపించారు. 1994 నుంచి ప్రతి టెస్టుకూ ఒకరు, 2002 నుంచి ఇద్దరూ బయటివారే ఉండాలని ప్రపంచ క్రికెట్ సంస్థ నియమం పెట్టింది. కరోనా రోజుల్లో ప్రయాణాలు లేక స్థానిక అంపైర్లను పెట్టవలసి వచ్చినప్పుడు, జట్లకు రివ్యూ అడిగే అవకాశం ఒకటి అదనంగా ఇచ్చారు. ఎందుకిచ్చారో వేరే చెప్పనక్కరలేదు.

అమెరికా కళాశాలలవాళ్లు ఇంకొక దారి పట్టారు. ఏడాది పొడుగునా ఎవరి ఆటశాలలో వారు ఎంత గోల చేసుకున్నా, మార్చిలో జరిగే పురుషుల జాతీయ పోటీల్లో మాత్రం ఏ జట్టునూ దాని సొంత ఆటశాలలో ఆడనివ్వరు.

మనకు అన్ని మైదానాలు లేవు, వీడియో రివ్యూలు లేవు. వీడియో ఉన్నా గొడవ ఆగుతుందన్న నమ్మకమూ లేదు. 2023లో హాంగ్‌ఝౌ ఆసియా క్రీడల కబడ్డీ ఫైనల్లో 28-28 దగ్గర మనవాళ్లకూ ఇరాన్‌వాళ్లకూ లాబీ నియమం మీద పేచీ వచ్చి, పాత నియమమా కొత్త నియమమా తేల్చుకోలేక గంటసేపు ఆట ఆపారు. చివరికి 33-29తో మనం గెలిచాం. అంత పెద్ద పోటీలోనే ఏ నియమం అమలులో ఉందో ముందు చెప్పుకోలేదంటే, మండల పోటీల్లో ఆట మొదలయ్యే ముందు కెప్టెన్లిద్దరినీ పిలిచి నియమాలు చదివి వినిపించడం తప్పా?

ఎడ్ల బండలాగుడు పందేల్లో ఇంత పేచీ ఎందుకు ఉండదో ఆలోచించారా? గడియారం, టేపు అందరి కళ్ల ముందే ఉంటాయి. ఎన్ని నిమిషాల్లో ఎన్ని అడుగులు లాగాయన్నదే లెక్క. పక్క జిల్లా జత వచ్చి మొదటి బహుమతి తోలుకుపోయినా ఊరివాళ్లు ఈలలు వేసి సాగనంపుతారు. మనవాళ్లకు న్యాయబుద్ధి లేదనడం అబద్ధం. కొలత కళ్లకు కనబడాలి, అంతే.

బయటి రిఫరీని పిలిస్తే ఖర్చు అంటారు నిర్వాహకులు. బాణసంచాకు, ఫ్లెక్సీలకు పెట్టేదానిలో పదో వంతు కూడా కాదు. బయటివాడు మాత్రం జనానికి జడవడా అంటారు. జడుస్తాడు. ఇంగ్లాండు రిఫరీలు గదిలోనే జడిశారు కదా. అందుకే జనాన్ని గీతకు పది అడుగుల దూరంలో తాడు కట్టి నిలబెట్టాలి. ఆట నడుస్తుండగా మైకు కట్టేయాలి. రిఫరీకి ఇవ్వవలసింది ఆటకు ముందే ఇచ్చేయాలి, ఆట అయ్యాక ఎవరి మొహమూ చూసే పని లేకుండా. రెండు మండలాల వ్యాయామ ఉపాధ్యాయులు ఒకరి పోటీలకు ఒకరు వెళ్లేలా మాట్లాడుకుంటే బస్సు ఛార్జీ తప్ప ఖర్చే లేదు. జిల్లా క్రీడాధికారులు ఒక సర్క్యులర్ పంపితే ఈ మార్పిడి నెల రోజుల్లో అమలవుతుంది.

ఈలోగా వచ్చే పోటీలకు కరపత్రాలు అచ్చు వేయించేవారికి ఒక విన్నపం. బహుమతి దాతల పేర్లు, వారి ఫొటోలు ఎలాగూ వేస్తారు. వాటి కింద కాస్త చోటు వదిలి రిఫరీల పేర్లు, వారిది ఏ ఊరో కూడా వేయించండి. మిగతాది వచ్చిన జనమే చూసుకుంటారు.