తుఫాను తీరము దాటిన పిమ్మట



ఆశ్వయుజ, కార్తిక మాసములు బంగాళాఖాతమున వాయుగుండములు పుట్టు కాలము. ఈ కాలమున మన కొండ గ్రామములలో ఒక మాట తరచుగా వినబడును: "తుఫాను సముద్రపొడ్డువారి కష్టము; మనకేమి?" ఆకాశవాణిలో "తుఫాను తీరము దాటినది" అని చెప్పగనే అపాయము గడచినదని మనము తలంతుము. ఈ తలంపు తప్పు. తీరము దాటుటయనగా తుఫాను సముద్రమును విడిచి నేలమీదికి వచ్చుట. ఆపద నెత్తిమీదికి వచ్చినదని తీరవాసికిని, మన దెసకు బయలుదేరినదని మనకును ఆ మాటకు అర్థము.

ఈ పాఠమును మనకు 2014వ సంవత్సరమే నేర్పెను. ఆ యేట అక్టోబరు 12వ తేదీ ఆదివారము మధ్యాహ్నము హుద్‌హుద్ తుఫాను విశాఖపట్టణమువద్ద తీరము దాటెను. గాలి వేగము గంటకు 170 మొదలు 180 కిలోమీటర్లు. అది పట్టణముతో ఆగలేదు. వాయవ్య దిశగా సాగి మన కొండలమీదికి వచ్చెను. అరకు, అనంతగిరి ప్రాంతములలో నీడకై పెంచిన సిల్వరోకు చెట్లు వరుసలు వరుసలుగా కూలి, క్రింద కాయలతోనున్న కాఫీ మొక్కలను నలిపివేసెను. చెట్లు అడ్డముపడి ఘాటు రోడ్డు మూసుకొనిపోయెను. కొత్తవలస–కిరండోలు రైలు మార్గమును దెబ్బతినెను.

ఇందు నా దోషమును కూడ చెప్పవలసియున్నది. ఆ తుఫానుకు మూడు దినములు ముందు నేనొక గూడెమున కాఫీ తోటల పనిమీద ఉంటిని. ఒక ముసలి రైతు, "గాలివాన వస్తాదంటన్నారు, నిజమేనా బాబూ?" అని అడిగెను. "అది సముద్రమువైపు, తాతా! ఇక్కడ నాలుగు చినుకులు పడును, అంతే" అని చెప్పి వచ్చితిని. తరువాత కాలినడకను ఆ గూడెమునకు పోగా ఆయన తోటలో నిలిచిన చెట్లను వ్రేళ్లమీద లెక్కింపవచ్చును. ఆయన నన్ను నిందింపలేదు. "మీకూ తెలీదు కదా బాబూ" అనెను. ఆ మాట నాకు నిందకంటె ఎక్కువయ్యెను. తెలిసికొని చెప్పుటయే నా ఉద్యోగము గదా!

కొండలలో తుఫాను చేయు కీడు మూడు విధములు. మొదటిది గాలి. నేలకెక్కిన తుఫానుకు సముద్రపు వేడిమి అందక బలము తగ్గుట నిజమే. కాని కొండ శిఖరములమీదను, కనుమలలోను గాలి వేగము హెచ్చును. కేంద్రము సమీపమునుండి పోవుచోట గాలి దిక్కు మారును. ఒకవైపు గాలికి వదులైన చెట్టును ఎదురు గాలి పడద్రోయును. రెండవది వాన. తేమతోనిండిన గాలి కొండనెక్కునపుడు చల్లబడి కుంభవృష్టి కురియును. గెడ్డలు గడియలలో పొంగును. మూడవది, అన్నింటికంటె భయంకరమైనది, కొండచరియలు విరిగిపడుట. 2018వ సంవత్సరము అక్టోబరు 11వ తేదీన తిత్లీ తుఫాను శ్రీకాకుళము జిల్లా పలాస సమీపమున తీరము దాటెను. అది తెచ్చిన వానలకు సముద్రమునకు దూరముగానున్న ఒడిశా గజపతి జిల్లా కొండలలో చరియలు విరిగిపడి పలువురు మరణించిరి. సముద్రపు ఉప్పెన కొండనెక్కదు. కాని కొండయే జారి మనమీద పడగలదు.

ఇక హెచ్చరికల సంగతి. వాతావరణ శాఖవారు వీనిని నాలుగు దశలలో వెలువరింతురు. మొదటిది 72 గంటలు ముందుగాను, రెండవది 48 గంటలు, మూడవది 24 గంటలు ముందుగాను వచ్చును. ఇవి ముఖ్యముగా తీర ప్రాంతముల నుద్దేశించినవి. తీరము దాటిన పిదప లోతట్టు ప్రాంతములలో ఏమి జరుగునో తెలుపు నాలుగవది, తీరము దాటుటకు 12 గంటలు ముందుగా వెలువడును. సెల్‌ఫోను సంకేతమందని గూడెమునకు ఆ వార్త చేరుసరికి ఎన్ని గంటలు మిగులును? కావున మనము నాలుగవ హెచ్చరికకై వేచియుండరాదు. విశాఖ, శ్రీకాకుళ తీరములకు రెండవ హెచ్చరిక వచ్చిననాడే మన పని మొదలిడవలయునని నా దృఢమైన అభిప్రాయము.

ఈ పని ఒంటరి రైతు చేయగలిగినది కాదు. సహకార సంఘమే పూనుకొనవలయును. వానకాలము ముగియకముందే ప్రతి సంఘమును సమావేశమై ఈ క్రింది ఏర్పాట్లను చేసికొనుట మంచిది.

1. రేడియో వార్త విని గ్రామమునకు తెలుపుటకు ఇరువురిని నియమింపవలయును. బారికిచేత చాటింపు వేయింపవలయును.

2. పండిన వరిని ముందుగా కోసి, నూర్చి, ఎత్తైన చోట భద్రపరుపవలయును. కోసిన పనలు తడిసినచో లీటరు నీటికి 50 గ్రాముల చొప్పున ఉప్పు కలిపి చల్లినయెడల గింజ మొలకెత్తకుండ కొంత కాపాడవచ్చును.

3. గెడ్డ నీరు అకస్మాత్తుగా బురదయైనను, నేల బీటలువారినను, వాలున చెట్లు ఒరిగినను ఆ క్షణమే పిల్లలను, వృద్ధులను, పశువులను వెంటబెట్టుకొని చోటు విడువవలయును. పెద్ద బండల చాటున గాని, చెట్లక్రింద గాని తలదాచుకొనరాదు.

4. రంపములు, మోకులు, ఉప్పు, అగ్గిపెట్టెలు, పది దినముల బియ్యము సంఘపు కొట్టులో ఉండవలయును. దారి తెగినచో సాయము వెంటనే రాదు. ఊట నీటిని కాచియే త్రాగవలయును.

5. ప్రతి సభ్యుని తోటలోని కాఫీ మొక్కలు, నీడ చెట్లు, మిరియపు తీగల లెక్కను ముందే పుస్తకమున వ్రాసియుంచవలయును. కూలిన పిమ్మట చెప్పు లెక్కను అధికారులు నమ్ముట కష్టము.

చివరగా, నీడ చెట్లనుగూర్చి ఒక మాట. సిల్వరోకు త్వరగా పెరుగును, మిరియపు తీగ దానిమీద చక్కగా ప్రాకును, కలప అమ్ముడుపోవును. ఇవన్నియు నిజములే. నేనును దానినే నాటింపుడని చెప్పినవాడను. కాని తోటనంతయు ఒకే జాతి చెట్టుకు అప్పగించుట, ఇంటిల్లిపాదియు ఒకే కొమ్మనెక్కుట వంటిది. నీడ పోయిన తోటలో ఎండ హెచ్చి కాండము తొలుచు పురుగు విజృంభించును. గాలికి మిగిలిన మొక్క పురుగు పాలగును. కావున సిల్వరోకు నడుమ పనస, నేరేడు, మామిడి మొదలగు మన కొండ చెట్లను కలిపి పెంపుడు. ఇవి ఆలస్యముగా పెరుగుననుట సత్యమే. అందుచేతనే నేడే నాటవలయును.

కాఫీ మొక్క నాటిన మూడు నాలుగేండ్లకు గాని కాపునకు రాదు. ఒక పూట గాలి ఆ శ్రమనంతయు తుడిచివేయును. చెట్టు కూలినను దానికై తెచ్చిన అప్పు కూలదు. సంఘమునుండి అప్పు తీసికొనుటకు మనమందరము కూడుచున్నాము. అప్పు తీర్చు తోటను కాపాడుకొనుటకు కూడలేమా? ఈసారి "తీరము దాటినది" అను వార్త వినబడునప్పటికి మన ధాన్యము గాదెలోను, మన పిల్లలు సురక్షిత స్థలమునను ఉందురుగాక!